వానకు తడిసిన ఏడు కుండలు

మునక 1. సోమవారం
లోతు: 4 మీటర్లు. సమయం: 11 నిమిషాలు. మిగిలిన ఊపిరి: నాది సున్న, తోడుది ముప్పాతిక.

ఈ పుస్తకంలో రోజూ రాయాలట. రాసింది తోడు చదివి కింద సంతకం పెట్టాలట. లేకపోతే ఆ మునక లెక్కలోకి రాదని, ఈ గవ్వలంక బసను నడిపే నూకరత్నం మేము పడవ దిగకముందే చెప్పేసింది. కూర్చున్నచోటే ఎవరైనా ఎలాంటి ఫోటో అయినా పుట్టించగలిగే రోజులు వచ్చాక సముద్రశాఖ వాళ్ళు ఫోటోలను నమ్మడం మానేశారు. చేత్తో రాసిన పుస్తకం, పక్కన మునిగిన మనిషి సంతకం, ఇవే సాక్ష్యం. నా తోడు నా భార్య ఓబులమ్మ. అంటే నేను ఏం రాసినా ఆమె చదువుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఇంత ఇరకాటంలో ఎప్పుడూ పడలేదు.

నా పేరు కుళ్ళాయప్ప. కదిరి దాపున మన్నేటిపల్లె మాది. పల్లెలో ముప్పై రెండు కుమ్మరి ఇళ్ళు. నీళ్ళకుండల పని మా తాత కాలంలోనే పోయింది. సముద్రం వేడెక్కి పగడాలు చచ్చిపోయాక, వాటిని మళ్ళీ మొలిపించడానికి శాఖ మా చేత గూడుకుండలు చేయిస్తోంది. మోకాలెత్తు కుండ. బోర్లిస్తే గుడిసెలా ఉంటుంది, పక్కన మూడు కిటికీలు. పైన పగడం మొలవాలి, లోపల చేపలు కాపురం ఉండాలి. ముప్పై ఏళ్ళు ఈ పని చేసిన జంటకు ఒక వారం సెలవు, మీ కుండలు మీరే చూసి రండి అని. ఎండతో నడిచే ఓడలో మూడు రోజులు వచ్చాం. అంతకు ముందు మేమిద్దరం సముద్రాన్ని చూసింది లేదు. అందరికీ చూపిద్దామని మా చెరువు మట్టి ఒక ముద్ద మూటగట్టి తెచ్చాను. కుండకు నునుపు పెట్టే మా తాత రాయి ఎలాగూ జేబులోనే ఉంటుంది.

వీపుకు కట్టుకునే మొప్పసంచి నీళ్ళలోంచి గాలి తీసి ఇస్తుంది. అయితే తన తీరిక కొద్దీ తీస్తుంది. నిదానంగా పీల్చేవాళ్ళకు గంట వస్తుంది. ఆవేశంగా పీల్చేవాళ్ళకు ఎంత వస్తుందో పైన రాశాను.

కిందికి దిగాక కాసేపు నాకు మాట రాలేదు. నోట్లో గొట్టం లేకపోయినా రాకపోయేది. నీళ్ళు ఇంత తేటగా ఉంటాయని ఎవరైనా చెప్పి ఉంటే కొట్టిపారేసేవాణ్ణి. పసుపు చేపలు గుంపులు గుంపులుగా నా మొహం ముందు నుంచే పోతున్నాయి, నన్ను లెక్కచేయకుండా. చిలకముక్కు చేపలు బండలు కొరుకుతుంటే అటుకులు నమిలినంత చప్పుడు. సంతోషం పట్టలేక నూకరత్నానికి బొటనవేలు ఎత్తి చూపాను, భేషుగ్గా ఉందని. ఆమె వెంటనే మా ఇద్దరి చేతులూ పట్టుకుని పైకి తెచ్చేసింది.

"బొటనేలు పైకంటే పైకెల్లిపోదామని బాబూ," అంది నవ్వుతూ. "బాగున్నాది అనాలంటే ఇలగ ఏలితో సున్నా సుట్టండి."

"బాగున్నదానికి సున్న ఏందమ్మా? మా వైపు సున్న వస్తే ఇంట్లో తన్నేటోళ్ళు," అన్నాను.

మళ్ళీ దిగుదామంటే నా సంచిలో ఊపిరి లేదు.

తోడు సంతకం: ఓబులమ్మ. (పదకొండు నిమిషాల్లో ఎనిమిది నిమిషాలు గొట్టంలో గొణుగుతానే ఉండాడు. చేపలకు కూడా పని చెప్తాండాడేమో.)

మునక 2. మంగళవారం
లోతు: 7 మీటర్లు. సమయం: 16 నిమిషాలు. మిగిలిన ఊపిరి: నాది సున్న, తోడుది సగం పైన.

ఇక్కడ ఊరికే చూసి పోయే అతిథి ఉండడు. రోజుకొక పని చేయాలి. ఈ రోజు మాకు మెత్తటి కుంచెలు ఇచ్చి పసిపగడాల చుట్టూ పట్టిన పాచి తుడవమన్నారు. నూకరత్నం పని చూసి తీరాల్సిందే. యాభై దాటిన మనిషి. నీళ్ళలో ఆమె చేయి కదిలితే పక్కనున్న ఇసుక రేణువు లేవదు. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపు నుంచి చేపల వేటకు ఈ దీవులకు వచ్చారట. వేటాడ్డానికి చేపే లేని రోజుల్లో పుట్టిన ఈమె, చేపలకు ఇళ్ళు కాపలా కాస్తోంది. ఇరవై ఏళ్ళ కిందట ఇదంతా బూడిదరంగు గుట్ట అంటే నమ్మలేకపోయాను. ఇప్పుడు జింకకొమ్ముల్లాంటి పగడాలు, క్యాబేజీ లాంటివి, మెదడులా మడతలు పడ్డవి, ఊదా, నారింజ, ఆకుపచ్చ. నేను ఆగి ఆగి చూస్తుంటే ఓబులమ్మ, నీళ్ళలో మాటకు బదులు ఇచ్చిన పలక మీద రాసి చూపింది: "పని చెయ్యి."

ఆ పగడాల కిందున్న కుండలు చూసి మాత్రం నా కడుపు మండింది. కోస్తా వైపు ఎవరో చేసినవట. ఒకటీ గుండ్రంగా లేదు. మూతి వంకర, పొట్ట సొట్ట, ఒళ్ళంతా పొక్కులు. మా పల్లెలో ఇలాంటి కుండ చేసినవాడికి పిల్లనివ్వరు. అలాంటి కుండల మీద పగడం ఇంత ఏపుగా!

పైకి వచ్చాక నూకరత్నంతో అన్నాను, "ఈ వంకర కుండలకే ఇట్లుంటే మా కుండల మీద ఇంకెట్లుండాలమ్మా! అద్దంలో మొగం చూసుకోవచ్చు, అంత నునుపు."

ఆమె సున్నా చుట్టలేదు. తడి గుడ్డలు పిండుతూ, "రేపు సూద్దురు గాని బాబూ," అంది. అతిథులకు అడగకపోయినా పది ముక్కలు చెప్పే మనిషి, దీనికి ఒక్క ముక్క చెప్పింది.

తోడు సంతకం: ఓబులమ్మ. (కాకి పిల్ల కాకికి ముద్దు. నూకరత్నం చెప్పిన మాటే నాకెందుకో గుబులుగా ఉండాది.)

మునక 3. బుధవారం
లోతు: 8 మీటర్లు. సమయం: 9 నిమిషాలు. మిగిలిన ఊపిరి: నాది సున్న, తోడుది ముప్పాతిక.

మన్నేటిపల్లె వరుస చూశాను. నాలుగు వందల పన్నెండు కుండలు. రెండేళ్ళ కిందట దించినవి. నేల మీద బారు తీరి, వాలు వెంట లోతులోకి దిగిపోయాయి. దూరం నుంచే గుర్తుపట్టాను, మెరుస్తున్నాయి. ఎండ పడి ఎర్రగా, కుండలు కాల్చే వాములోంచి ఇప్పుడే తీసినట్టు.

ఒక్కదాని మీదా పగడం లేదు.

పల్చటి పాచి తప్ప ఏమీ లేదు. కిటికీల్లో చేప లేదు. ఒక కుండ దగ్గర నుంచి ఇంకో కుండ దగ్గరికి పరుగెత్తాను, నీళ్ళలో పరుగు అంటూ ఉంటే. ఊపిరి అయిపోయింది.

పడవలో నూకరత్నం నిజం చెప్పింది. శాఖవాళ్ళు పోయిన నెల చూసి 'మట్టి దోషం' అని రాసుకున్నారట. ఆదివారం ఓడ వచ్చి ఈ వరుసను ఎత్తేస్తుంది, పిండి చేస్తారు, ఆ చోట సిమెంటు అచ్చుగూళ్ళు దించుతారు. మట్టిదే దోషమైతే ఇక మన్నేటిపల్లె నుంచి ఒక్క కుండా తీసుకోరు. ముప్పై రెండు ఇళ్ళు కుండలు చేసే సారె ఆపేయాల్సిందే.

"సెలవుకొచ్చినోల్లకి మొదటి రోజే ఎలగ సెప్పమంటారు?" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి నాకు కోపం రాకపోగా ఇంకా భయం వేసింది.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు, ఏడాది కష్టం ఒక్క దెబ్బకు పోతుందని. ఇన్నాళ్ళూ ఆ సామెత వేరేవాళ్ళ మీదే వాడాను.

తోడు సంతకం: ఓబులమ్మ.

మునక 4. గురువారం
లోతు: 3 మీటర్లు. సమయం: 14 నిమిషాలు. మిగిలిన ఊపిరి: నాది పావు, తోడుది ముప్పాతిక.

పొద్దున్నే నూకరత్నంతో పోట్లాడాను. నీళ్ళదే తప్పు అన్నాను, ఉప్పు ఎక్కువ అన్నాను, మీవాళ్ళు సరిగ్గా దించలేదు అన్నాను. ముప్పై ఏళ్ళుగా లేని దోషం మా మట్టికి ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. అంతకు ముందు పంపిన మా కుండలు ఏమయ్యాయో చూపమన్నాను. ఆమె విసుక్కోకుండా మమ్మల్ని లోతులేని చోటికి దించి ఒక పెద్ద పగడపు దిబ్బ చూపింది. దాని చుట్టూ తిరిగాం. కుండ ఎక్కడా కనపడలేదు. పలక మీద రాసింది, "ఇవే మీ పాత కుండలు. లోపలున్నాయి."

పైకి వచ్చాక అంది, "మంచి గూడుకుండంటే కనపడని కుండ బాబూ. ఇల్లు కనపడతందంటే మనిసి దిగనేదని."

అప్పుడు ఇంకో సంగతి చెప్పింది. ఆ పాత కుండల్ని రేవులోనే ఇసుక కొట్టి, గరుకు చేసి దించేవాళ్ళట. మూడేళ్ళ కిందట ఆ పని ఆపేసి, గరుకు మీరే చేయండని కుమ్మరులకు రాశారట.

రాశారు. నిజమే. 'పైభాగము గరుకుగా ఉంచవలెను' అని కాగితంలో కొత్తగా ఒక వాక్యం చేరింది. కుండ గురించి తెలియనివాళ్ళెవరో రాశారనుకుని నవ్వాను. గరుకు కుండను మన్నేటిపల్లె గడప దాటనిస్తానా? అందరి చేతా ఇంకా నున్నగా రుద్దించాను. పెద్దవాణ్ణి కదా, నా మాట ఎవరూ కాదనలేదు.

నూకరత్నం ఒక గాజుసీసా తెచ్చి నా ముందు పెట్టింది. మొన్న ఫాల్గుణ పున్నమి తర్వాత పగడాలన్నీ ఒకేసారి ఈనాయట. సీసాలో వాటి పిల్లలు. నువ్వుగింజలో సగం ఉంటాయి, ఈదుతున్నాయి. ఇలాంటివి సముద్రమంతా ఇప్పుడు ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతున్నాయట, ఇంకో మూడు నాలుగు రోజులే. అందులో మన్నేటిపల్లె కుండపెంకు ఒకటి వేసి, నాకు భూతద్దం ఇచ్చింది.

ఎంతసేపు చూశానో తెలియదు. ఒక పిల్ల వచ్చి నేను రుద్దిన వైపు ఆనింది. తడుముకుంది. జారిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ జారింది. చుట్టూ తిరిగి, పెంకు విరిగిన అంచు దగ్గరికి పోయింది. విరిగినచోట గరుకు ఉంటుంది కదా. అక్కడ చిన్న గుంటలో దూరి, ఇక కదల్లేదు.

మట్టి అదే. మా చెరువుదే. నా చెయ్యి పడనిచోట అది కూర్చుంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబులో రాయి మీదికి పోయింది. 

నూకరత్నానికి ఇది ముందే తెలుసు. "నాను సెప్పినాను శాఖోల్లకి. సీసాలో కాదు, సంద్రంలో సూపించండన్నారు. అదే మట్టి, గరుకు పైన, ఏడాది నిలబడ్డ పగడం కావాల. సేసినోడు తన కుండని గురుతుపట్టి, పుస్తకంలో రాసి, తోడు సంతకం పెట్టాల. మీ వరుసలో గరుకు కుండ నాకు ఒక్కటీ కనపడనేదు బాబూ. పైనున్నవే సూసినాను. అడుగునున్నవి సూడనేదు."

ఉంటే కదా కనపడ్డానికి, అన్నాను.

పక్కన కూర్చుని నాచు ఏరుతున్న ఓబులమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఏడు ఉండాయి."

"ఏం ఏడు?"

"వానకు తడిసినవి. రెండేండ్ల నాడు, నువ్వు నునుపు పెట్టి ఆరబెట్టి సంతకు పోతివే. వాన వచ్చె. నేనూ కోడలూ ఒక్కొక్కటే ఎత్తి లోపలికి తెస్తిమి. పచ్చివి కదా, వేళ్ళు దిగబడినాయి. వచ్చి చూసి ఏమంటివి? కుండకు వేలిముద్రలు పెట్టేది ఏ జాతిదే అంటివి. రెండు దినాలు మాట్లాడకపోతివి."

జ్ఞాపకం వచ్చింది. తుడిచి మళ్ళీ రుద్దుదామంటే అప్పటికే గట్టిపడ్డాయి. పారేయడానికి మనసొప్పక కాల్చాను. ఎవరి కంటా పడకూడదని పెట్టెల్లో అన్నిటికంటే అడుగున పెట్టాను. అడుగున పెట్టినవి చివర తీస్తారు. చివర తీసినవి వరుస చివర, లోతులో దించుతారు.

"ఇన్నాళ్ళూ చెప్పకపోతివే," అన్నాను.

"చెప్తే వినే మొగమేనా అది?" అంది.

తోడు సంతకం: ఓబులమ్మ. (జాతి మాట కూడా దాచకుండా రాసినాడు. అందుకు పెడుతుండా సంతకం.)

మునక 5. శుక్రవారం
లోతు: 10 మీటర్లు. సమయం: 13 నిమిషాలు. మిగిలిన ఊపిరి: నాది సున్న, తోడుది సగం.

వరుస చివర పద్నాలుగు మీటర్ల లోతున ఉంది. పది దగ్గర నా సంచి ఎర్రదీపం వేసింది. ఒకరు పైకి పోతే తోడు కూడా పోవాలి, అది ఇక్కడ తప్పని నియమం. ఓబులమ్మ ఇంకో నాలుగు మీటర్లు దిగితే చూసి వచ్చేది. నా కోసం తిరిగింది. ఆమె చిన్నప్పుడు ఊరి బావిలో పడ్డ బిందెలన్నీ తీసిచ్చేది. నీళ్ళంటే ఆమెకు పుట్టిల్లు. నేను ఐదు రోజులుగా ఆమె కాళ్ళకు కట్టిన బండనయ్యాను.

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని ఇక నా వల్ల కాదన్నాను. వయసు అరవై రెండు, ఊపిరితిత్తుల నిండా వాము పొగ.

"పొగ కాదు, కోపం," అంది ఓబులమ్మ. "సారె మీద కూర్చున్నప్పుడు నీ ఊపిరి నాకు వినపడదు. పక్కనే ఉన్నా వినపడదు. మట్టి నడిమికి వచ్చేవరకు గాలి పీలుస్తావో లేదో కూడా తెలీదు. నోరు తెరిస్తేనే వినపడతాది."

"ఇక్కడ సారె యాడుంది?"

"ఉందనుకో."

ఆమె చెప్పినట్టే చేశాను. సంచి కట్టుకుని, నడుములోతు నీళ్ళలో మొహం ముంచి, చేతులు రెండూ ముందుకు పెట్టి, తిరిగే మట్టిని నడిమికి తెస్తున్నట్టు పట్టుకున్నాను. పక్క బసలోని పిల్లలు నవ్వారు. నవ్వనీ. కాసేపటికి మట్టి నిజంగానే చేతుల్లోకి వచ్చింది. ఊపిరి దానంతట అదే సన్నబడింది. ఇరవై ఐదు నిమిషాలైనా ఎర్రదీపం వెలగలేదని ఓబులమ్మ భుజం తట్టి చూపింది. నలభై ఏళ్ళు నా పక్కన కూర్చుని మట్టి పిసుకుతూ నా ఊపిరి వింటూ ఉన్న మనిషి ఈమె. నేను ఆమెది ఎప్పుడైనా విన్నానా అని ఆలోచించాను. వినలేదు.

తోడు సంతకం: ఓబులమ్మ. (ముప్పై ఎనిమిది. నలభై కాదు.)

మునక 6. శనివారం ఉదయం
లోతు: 14 మీటర్లు. సమయం: 31 నిమిషాలు. మిగిలిన ఊపిరి: నాది పావు, తోడుది సగం.

ఇది శాఖవాళ్ళు చదివే పేజీ. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఎనిమిదిన్నరకు దిగాం. నేను దారి పొడవునా చేతులు ముందుకు పెట్టుకుని, లేని మట్టిని పట్టుకునే ఉన్నాను. పది మీటర్లు దాటాం, దీపం వెలగలేదు. లోతుకు పోయేకొద్దీ ఎరుపు పోయి మా కుండలన్నీ నీలంగా కనిపించాయి. వరుస చివర వాలు కింద ఏడు కుండలు కొంచెం ఎడంగా ఉన్నాయి. దీపం వేసి చూశాను. పై వరుసలో ఉన్నట్టే నున్నగా, బోడిగా ఉన్నాయి.  అంతే, చెయ్యి సారె వదిలేసింది. ఊపిరి ఎగదన్నడం మొదలుపెట్టింది.

ఓబులమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. తర్వాత కుండకు అటువైపుకు ఈది, ఇసుక మీద బోర్లా పడుకుని, పొట్ట వంపు కింద నుంచి చూసింది. చూసి, నన్ను రమ్మంది.

బోర్లించి ఆరబెట్టిన కుండను ఎత్తేటప్పుడు చేతులు ఎక్కడ పడతాయి? పొట్ట కింద. అక్కడ పడ్డాయి ఆమె వేళ్ళు. ఒక వైపు నాలుగు గుంటలు వరుసగా, కొంచెం ఎడంగా బొటనవేలిది. గుంట గుంటలోనూ రేగుపండంత పగడం. దీపం వెలుగులో ఊదారంగు. అవతలి వైపు ఇంకో ఐదు. పగడాన్ని తాకకూడదు కాబట్టి ఓబులమ్మ తన చేతిని జానెడు దూరంలో పెట్టి వేళ్ళు చాపింది. సరిగ్గా సరిపోయాయి.

ఏడు కుండలూ చూశాను. ఐదు ఓబులమ్మవి, రెండు మా కోడలివి, కోడలి చెయ్యి చిన్నది. ఆ ఏడు కుండలకు అరవై ఒక్క పగడాలు లెక్కపెట్టాను. ఒక కిటికీలోంచి ఎర్ర చేప తల బయటపెట్టి మా వైపు చూసి లోపలికి పోయింది. ఇంటివాళ్ళు ఎవరో వచ్చారని చూసినట్టే ఉంది.

ఈ ఏడు కుండలు మన్నేటిపల్లె చెరువు మట్టివి. చేసింది కుళ్ళాయప్ప అనే నేను. అడుగున నా గుర్తు ఉంది, మూడు గీతలు. మట్టిలో దోషం లేదు.

కళ్ళద్దాల లోపల ఏడిస్తే నీళ్ళు ఎక్కడికీ పోవని ఈ రోజే తెలిసింది.

తోడు సంతకం: ఓబులమ్మ. (అరవై ఒకటి కాదు, అరవై మూడు. కోడలి కుండకున్న రెండు పగడాలు ఇసుకలో కూరుకుపోయినాయి, ఆయన చూడలేదు. కడమదంతా నిజం.)

మునక 7. శనివారం మధ్యాహ్నం
లోతు: 8 మీటర్లు. సమయం: 52 నిమిషాలు. మిగిలిన ఊపిరి: ఇద్దరిదీ సున్న.

నూకరత్నం పుస్తకం చదివి, లేచి బస గంట కొట్టింది. అందరూ వచ్చారు. వేరే ఊళ్ళ నుంచి సెలవుకు వచ్చిన పన్నెండు మంది అతిథులు, వంటవాళ్ళు, పడవవాళ్ళు. ఒక్కొక్కరికీ పడవ అడుగు గీకే ఇనపబద్ద ఇచ్చింది.

"పగడం పిల్లలింకా నీటిలో తిరుగుతున్నాయి. రేపటికి అలిసిపోతాయి. కుండకి అరసెయ్యంత మేర గీకండి. అంతే సాలు. సెప్తన్నాను, సాయంత్రానికి అయిపోవాల," అంది.

ఎవరూ మా సెలవు పాడవుతుందని అనలేదు. అంతమంది ఒకేసారి దిగి నా కుండల మీద పడ్డారు. గర్ గర్ మని చప్పుడు. జీవితమంతా ఆ చప్పుడు వినపడితే గుండెలో గుచ్చుకునేది నాకు. మొదటి కుండ దగ్గర బద్ద పట్టుకుని కాసేపు అలాగే ఉన్నాను. ఎంత బాగా వచ్చింది ఆ కుండ! ఆ పొట్ట తీరు, ఆ మెరుపు. పక్క కుండ దగ్గర ఓబులమ్మ నన్నే చూస్తోంది. పలక ఎత్తి, "గీకు" అని రాయలేదు. ఊరికే చూసింది.

గీకాను. నా మెరుపు పొడిపొడిగా లేచి నీళ్ళలో కలిసింది. రెండో కుండకు ఆగలేదు. ఇరవై తొమ్మిది కుండలు గీకాను. మనిషికి పని నేర్చుకోవడానికి ఎన్నేళ్ళు పట్టినా, నేర్చింది వదలడానికి ఒక మధ్యాహ్నం సరిపోతుందని అనుకోలేదు.

తోడు సంతకం: ఓబులమ్మ. (నేను ముప్పై నాలుగు.)

మునక 8. ఆదివారం
లోతు: 8 మీటర్లు. సమయం: 40 నిమిషాలు. మిగిలిన ఊపిరి: నాది సగం, తోడుది సగం.

శాఖ ఓడ పదికి వస్తుందంటే ఏడుకే దిగాం. నూకరత్నం భూతద్దం ఇచ్చి, నేను మొదట గీకిన కుండ దగ్గరికి తీసుకుపోయింది. గీతల మధ్య తెల్లటి చుక్కలు మూడు. అంటుకుని ఉన్నాయి. చేత్తో నీళ్ళు తోసినా జారలేదు. నేను బొటనవేలు ఎత్తబోయి, ఆపుకుని, సున్నా చుట్టాను. నూకరత్నం రెండు చేతులతో రెండు సున్నాలు చుట్టింది.

ఓడలో వచ్చిన శాఖ అధికారి పేరు వాసంతిక, మా కోడలి వయసు ఉంటుంది. ఆమె పుస్తకం మొదటి పేజీ నుంచి చదివింది. గొణుగుడు దగ్గర నవ్వింది, ఆరో మునక దగ్గర నవ్వు ఆపేసింది. దిగి, ఏడు కుండలూ తన కళ్ళతో చూసి, తడి జుట్టుతో వచ్చి కూర్చుంది.

"వరుస ఇక్కడే ఉంటుంది, వచ్చే ఫాల్గుణం దాకా. అప్పుడు మళ్ళీ లెక్కపెడతాం. మీ పల్లెకు కొత్త కుండల పని ఆగదు," అంది. "కానీ 'మట్టి దోషం' అని ఉన్నచోట నేను వేరే ఏదో రాయాలి. ఏం రాయమంటారు?"

అందరూ నా వైపు చూశారు. కాగితంలో ఆ వాక్యం అర్థమయ్యేలా లేదని అనవచ్చు. రేవులో ఇసుక కొట్టడం ఎందుకు ఆపారని అడగవచ్చు. రెండూ నాలుక మీదికి వచ్చాయి కూడా.

"చేతి దోషం అని రాయండి. ఎవరి చెయ్యి అంటే, కుళ్ళాయప్పది. పల్లెవాళ్ళది కాదు, నేను చెప్పినట్టు చేసినారు వాళ్ళు," అన్నాను.

రాసింది. ఆ రాత చూస్తే మనసు ఇంత తేలికగా ఉంటుందని నేను అనుకోలేదు.

నూకరత్నం మా కోసం చివరిపూట నాచు పచ్చడి చేసింది. తాత రాయి తీసి ఆమెకిచ్చాను, పచ్చడి నూరుకోమని. వద్దంటే ఓబులమ్మ కసిరింది, "తీసుకో తల్లీ, మళ్ళీ ఆయన జేబులోకి పోనీకు."

రేపు మేము తిరిగిపోయే ఓడ. పల్లెకు చేరగానే ముప్పై రెండు ఇళ్ళకూ ఒకటే మాట చెప్తాను. కుండ పచ్చిగా ఉన్నప్పుడు, ఇంటి ఆడవాళ్ళు వచ్చి ఐదు వేళ్ళూ దిగేలా చుట్టూ పట్టుకోవాలి. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ముఖ్యంగా నేను.

ఈ పేజీకి సంతకం వద్దన్నాను ఓబులమ్మతో. తెచ్చిన చెరువు మట్టి ముద్దను ఒకరికీ చూపించనేలేదు. దాన్ని గిన్నెలో తడిపి పలుచగా కలిపాను. ఆమె చెయ్యి పట్టి అందులో ముంచి, ఐదు వేళ్ళూ ఇక్కడ పెట్టమన్నాను. కుండకు వేలిముద్రలు పెట్టేది ఏ జాతిదే అన్న నోటితోనే బతిమాలాను. మొదట నవ్వింది. తర్వాత నవ్వలేదు. ఎర్రమట్టి వేళ్ళు కాగితం మీద గట్టిగా ఆనించి, చాలాసేపు తీయలేదు.

తోడు ముద్ర: (ఐదు వేళ్ళు, కుడిచెయ్యి.)

(మట్టి ఆరేవరకు కాచుకోని రాస్తాండా. ఇది మాత్రం తుడిచినావో, చూస్కో. ఓబులమ్మ.)